అవుటైన పిల్లలు ఎక్కడికి వెళ్తారు?

ఉన్నత పాఠశాలలో ఆటల పీరియడు నడుస్తున్నప్పుడు గేటు బయట నిలబడి చూసేవారికి మైదానమంతా సందడిగానే కనిపిస్తుంది. ఒక పక్క వాలీబాల్ కోర్టులో అటు ఆరుగురు, ఇటు ఆరుగురు. మరో పక్క కబడ్డీ గీతల మధ్య పద్నాలుగు మంది. మధ్యలో విజిల్ పట్టుకుని నావంటి వ్యాయామ ఉపాధ్యాయుడు. అయితే చూపును కాస్త పక్కకు తిప్పి ప్రహరీ గోడ వెంట ఉన్న కానుగ చెట్ల నీడకేసి చూస్తే, ఆడుతున్నవారికన్నా ఎక్కువమంది పిల్లలు అక్కడ కూర్చుని ఉంటారు. కొందరు కబుర్లు చెప్పుకుంటూ, కొందరు హోంవర్కు రాసుకుంటూ, కొందరు ఊరికే పుల్లతో మట్టిలో గీతలు గీస్తూ పీరియడంతా గడిపేస్తారు. శ్రీకాకుళం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో చాలాకాలంగా ఈ ఉద్యోగం చేస్తున్న నాకు, బడి పిల్లల శరీర దారుఢ్యం గురించి ఎవరు మాట్లాడినా ముందుగా గుర్తుకు వచ్చేది ఆ చెట్ల కింది పిల్లలే.

వాళ్ళు అక్కడికి చేరింది బద్ధకం వల్ల కాదు. మన బడుల్లో ఆటల పీరియడు ఆటగాళ్ళను ఎంపిక చేసే పని చుట్టూ తిరుగుతోంది. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్-14, అండర్-17 విభాగాల్లో మండల స్థాయిలో మొదలై జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిల వరకు సాగుతాయి. ఆ పోటీల కాలం వచ్చిందంటే మా దృష్టంతా జట్ల మీదే ఉంటుంది; ఉన్న రెండు బంతులూ జట్టు పిల్లల చేతుల్లోనే ఉంటాయి; మిగిలిన తరగతికి "మీరు అక్కడ కూర్చోండర్రా" అన్న మాట తప్ప మరొకటి మిగలదు. ప్రధానోపాధ్యాయుల గదిలోని బీరువాలో షీల్డులు పెట్టడానికి అర ఉంది కాని, ఆరువందల మీటర్లు ఆగకుండా పరిగెత్తలేని పిల్లవాడు సంవత్సరం తిరిగేసరికి పరిగెత్తగలిగాడని చెప్పుకోవడానికి ఎక్కడా చోటు లేదు. "ఈసారి మీ బడి నుంచి ఎంతమంది సెలెక్టయ్యారు?" అని తనిఖీకి వచ్చినవారు అడగడం విన్నాను. "మీ తొమ్మిదో తరగతిలో సెలెక్టు కానివారు ఎలా ఉన్నారు?" అని అడగడం మాత్రం వినలేదు.

పోటీలు వద్దని నా అభిప్రాయం కాదు. మా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ మా జిల్లా ఆడపడుచు అని చెప్పేటప్పుడు ఇప్పటికీ నా గొంతు కాస్త పెద్దదవుతుంది. కాని ఏటా ఆగస్టు 29న జరిగే తంతు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆ రోజు ధ్యాన్‌చంద్ జయంతి, అంటే జాతీయ క్రీడా దినోత్సవం. అదే రోజు మా జిల్లాకే చెందిన గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి, అంటే తెలుగు భాషా దినోత్సవం. రెండింటికీ కలిపి సభ పెడతారు. పిల్లలందరినీ వరుసల్లో నేలమీద కూర్చోబెట్టి క్రీడల ప్రాముఖ్యం గురించి ప్రసంగాలు వినిపించేసరికి ఆటల పీరియడు కాస్తా అయిపోతుంది.

అసలు విషయానికి వస్తే, మనం పిల్లలచేత ఆడించే చాలా ఆటల్లోనే ఒక లోపం ఉంది. అందులో ఓడినవారు అవుటవుతారు. ముట్టుకునే ఆట కావచ్చు, కుర్చీలాట కావచ్చు, బంతితో కొట్టే ఆట కావచ్చు, అన్నింటిలోనూ మొదట అవుటయ్యేది ఎవరో ఒకసారి గమనించండి. బరువుగా ఉన్న పిల్లవాడు, చూపు సరిగా ఆనని పిల్ల, పరుగులో వెనకబడే పిల్ల. ఆట మొదలైన రెండు నిమిషాలకే వాళ్ళు గీత బయటికి వచ్చి కూర్చుంటారు. చివరిదాకా పరిగెత్తేది ఇంటి దగ్గర కూడా పొద్దస్తమానం పరిగెత్తే చురుకైన పిల్లలే. అంటే కదలిక ఎవరికి ఎక్కువ అవసరమో వారిని ముందుగా కూర్చోబెట్టి, అంతగా అవసరం లేనివారిచేత ఎక్కువసేపు ఆడించేటట్టుగా ఆ ఆటల నియమాలు ఉన్నాయి. కొన్నాళ్ళుగా నా తరగతుల్లో ఆరు, ఏడు తరగతుల పిల్లలకు నియమం మార్చాను. అవుటైనవారు గీత బయటికి వెళ్ళి పదిసార్లు చేతులు చరుస్తూ ఎగిరి మళ్ళీ ఆటలోకి వస్తారు. మొదట్లో బాగా ఆడే పిల్లలు "ఇదేం ఆట మాస్టారూ, ఎవరూ ఓడిపోరా?" అని గొణిగారు. తరవాత తామూ రెండు మూడుసార్లు అవుటై తిరిగి వచ్చాక ఆ గొణుగుడు తగ్గింది.

అయిదు నుంచి పదిహేడేళ్ళ వయసువారు సగటున రోజుకు 60 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేటంత నుంచి బాగా ఆయాసపడేటంత వరకు శ్రమించాలని, అందులోనూ వారానికి కనీసం మూడు రోజులు ఎముకలకు, కండరాలకు బలాన్నిచ్చే ఎగురుళ్ళు, ఎక్కుళ్ళు, బరువుతో కూడిన వ్యాయామాలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 146 దేశాల లెక్కలతో ఆ సంస్థ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 11 నుంచి 17 ఏళ్ళ బడి పిల్లల్లో నూటికి 81 మంది 2016 నాటికి ఆ మాత్రం కదలడం లేదు. మగపిల్లల్లో 78 మంది, ఆడపిల్లల్లో 85 మంది. మన దేశం పరిస్థితి ఆ సగటుకన్నా కొంత మెరుగు. అయినా నలుగురిలో దాదాపు ముగ్గురు ఆ గీతకు కిందే ఉన్నారు. బంగ్లాదేశ్‌లోనూ మన దేశంలోనూ ఆడపిల్లల అంకె కాస్త మెరుగ్గా కనిపించడానికి వాళ్ళు చేసే ఇంటిపని కారణం కావచ్చునని ఆ పరిశోధకులే అన్నారు. నీళ్ళు మోసి, ఇల్లు ఊడ్చి, అంట్లు తోమి బడికి వచ్చే పిల్లలను రోజూ చూసేవాడిని కనుక ఆ వాక్యం చదివినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. దానిని మెరుగు అనడానికి మాత్రం మనసు ఒప్పలేదు.

ఇక మైదానంలో ఏం జరుగుతుందో దగ్గరగా చెబుతాను. కేంద్ర ప్రభుత్వ క్రీడా కార్యక్రమమైన ఖేలో ఇండియా దారుఢ్య పరీక్షల్లో తొమ్మిదేళ్ళు దాటిన పిల్లలకు ఎత్తు, బరువులతో పాటు 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు లేదా నడక, కూర్చుని కాళ్ళు చాపి ముందుకు వంగడం, పడుకుని సగం పైకి లేవడం, పుషప్‌లు ఉంటాయి. వీటన్నింటిలో పిల్లల అసలు స్థితిని బయటపెట్టేది 600 మీటర్ల పరుగే. మా మైదానంలో ట్రాకు లేదు. టేపుతో కొలిచి, ముగ్గుపొడితో 150 మీటర్ల గుండ్రటి దారి గీస్తాం; నాలుగు చుట్లు తిరగాలి. విజిల్ ఊదగానే అందరూ వంద మీటర్ల పందెంలాగే దూకుతారు. మొదటి చుట్టు పూర్తయ్యేసరికి ముఖాలు ఎర్రబడతాయి. రెండో చుట్టులో ఒక్కొక్కరి చెయ్యి డొక్కమీదికి పోతుంది. "పోటొస్తోంది మాస్టారూ" అంటూ సగం మంది నడకలోకి దిగుతారు. మూడో చుట్టులో కొందరు ముగ్గుగీత దాటి తిన్నగా చెట్ల కిందికే పోతారు. నాలుగో చుట్టు పరుగుతో ముగించేవారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

చూసేవాళ్ళు ఈ తరం పిల్లల్లో దమ్ము లేదంటారు. అందులో కొంత నిజం ఉంది. కాని దమ్ముకన్నా ముందు లోపించినది అలవాటు. దూరం పరిగెత్తడానికి ఒక వేగం ఉంటుందని, దాన్ని మొదటి అడుగు నుంచే పట్టుకోవాలని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. పక్కనున్నవారితో రెండు మాటలు మాట్లాడగలిగే వేగంలో పరిగెత్తమంటే, పాట పాడలేనంత ఆయాసం ఉండవచ్చుగాని మాట తడబడకూడదని చెబితే, మొదట్లో నవ్వుతారు. జంటలుగా కబుర్లు చెప్పుకుంటూ ఒక చుట్టు పరుగు, ఒక చుట్టు నడక చొప్పున కొన్ని వారాలు సాగాక, డొక్కలో పోటు అనే మాట వినిపించడం చాలావరకు తగ్గుతుంది. ఇందులో కొత్త శాస్త్రమేమీ లేదు. మిగతా పాఠాలు నేర్పినట్టే పరుగునూ మెల్లగా మొదటి నుంచి నేర్పాలి, అంతే. అయితే గుణింతాలు రాని పిల్లవాడిని వెనక బెంచీకి పంపి ఊరుకుంటే తప్పుపడతాం కాని, పరిగెత్తలేని పిల్లవాడిని చెట్టు కిందికి పంపితే ఎవరికీ తప్పనిపించదు.

ఎన్ని వారాలైనా కొందరు పిల్లల పరిస్థితి మారదు. ముఖ్యంగా ఆడపిల్లల్లో. రెండో చుట్టుకే పెదవులు పాలిపోతాయి. మెట్లెక్కి తరగతికి వెళ్ళేసరికి ఆయాసపడతారు. మధ్యాహ్నం పాఠంలో నిద్రపోతారు. మన ఉపాధ్యాయుల గదుల్లో వీళ్ళకు ఉన్న పేరు "మొద్దు" లేదా "బద్ధకస్తురాలు". 2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 59 మందికి, అదే వయసు మగపిల్లల్లో 31 మందికి రక్తహీనత ఉంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును కండరాలకు మోసుకుపోతుంది. అదే చాలనప్పుడు కాళ్ళు పరిగెత్తమంటే ఎలా పరిగెత్తుతాయి? ఎదుగుదల వల్ల రక్తం అవసరం పెరిగే వయసులోనే నెలసరి కూడా మొదలై ఇనుము నష్టం ఆరంభమవుతుంది. ఆ పిల్లను నలుగురిలో బద్ధకస్తురాలని పిలిచే ముందు కింది కనురెప్పను కాస్త కిందికి లాగి లోపలి రంగు చూడటం ప్రతి ఉపాధ్యాయినికీ తెలియవలసిన పని. రంగు చూసి రోగం తేల్చేయకూడదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్షకు పంపాలో లేదో తేల్చుకోవడానికి మాత్రమే అది పనికివస్తుంది.

బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు మాత్ర ఇందుకే. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. రిజిస్టరులో అందరికీ టిక్కు పడుతుంది. తరగతి వెనక కిటికీ కిందికి వెళ్ళి చూస్తే గడ్డిలో ఒక్కోసారి నీలం చుక్కలు కనిపిస్తాయి. పిల్లలను తిట్టి ప్రయోజనం లేదు. పొద్దున్న ఏమీ తినకుండా వచ్చిన పిల్ల ఖాళీ కడుపుతో ఆ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, మర్నాడు విరేచనం నల్లగా అవుతుంది, దాంతో భయపడి మళ్ళీ దాన్ని ముట్టదు. మధ్యాహ్న భోజనం తరవాతే వేయించడం, నల్లగా అవడం మామూలేనని ముందే చెప్పడం, ఆ పూట టీ తాగవద్దనడం, ఈ మూడూ పాటించినప్పుడు కిటికీ కింది చుక్కలు బాగా తగ్గాయి. టీలోని పదార్థాలు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. నిమ్మకాయ, ఉసిరి, జామ వంటివి పట్టేటట్టు చేస్తాయి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల నివారణ దినాల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రకూ దీనితో సంబంధం ఉంది. మట్టిలో ఒట్టి కాళ్ళతో తిరిగేచోట పాదాల గుండా ఎక్కే కొంకిపురుగులు పేగుల్లో చేరి రక్తం తాగుతాయి. ప్రభుత్వం ఇచ్చిన బూట్లను పెళ్ళిళ్ళకు దాచుకుని చెప్పులు లేకుండా మైదానానికి వచ్చే పిల్లలకు ఈ సంగతి బొమ్మ గీసి చెప్పవలసి వస్తుంది.

పొద్దుటి తిండి సంగతి మరీ అన్యాయంగా ఉంది. మా వైపు పిల్లల్లో చాలామంది ఓ గ్లాసు టీ, రెండు బిస్కెట్లతో బయల్దేరతారు. పొలం పనికో, జీడిపిక్కల పనికో వేకువనే వెళ్ళిపోయే తల్లిని తప్పుపట్టలేం. అయితే వాళ్ళ తాతల కాలంలో ఇదే ఇళ్ళలో పొద్దున్నే చోళ్ళ, అంటే రాగుల అంబలి ఉండేది. 100 గ్రాముల చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ధాన్యాల్లో దానికి సాటి వచ్చేది లేదు. బడిలో ఇప్పుడు రాగిజావ ఇస్తున్నారు, గుడ్డు, పల్లీ చిక్కీ కూడా ఉన్నాయి. జావ వాసన బాగోలేదనీ, పేదవాళ్ళ తిండి అనీ ముఖం తిప్పుకునే పిల్లలు ఉన్నారు. నేను చేసేదల్లా పరుగు పూర్తయినవెంటనే జావ పోయించడం. ఆకలిగా ఉన్న పిల్లవాడు ఎవరి తిండి అని అడగడు.

గేటు బయటి అంగడి గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అది అందరికీ తెలిసిందే. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న పదార్థాలను బడి క్యాంటీనులో కాని, గేటుకు 50 మీటర్ల లోపల కాని పిల్లలకు అమ్మకూడదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో నిబంధన తెచ్చింది. ఆ 50 మీటర్లను ఎవరూ టేపు పెట్టి కొలవడం నేను చూడలేదు. పిల్లలకు నిబంధనకన్నా లెక్క బాగా ఎక్కుతుంది. కూల్‌డ్రింకులో 100 మిల్లీలీటర్లకు ఇంచుమించు పది, పదకొండు గ్రాముల చక్కెర ఉంటుంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు రోజుకు 25 గ్రాములకు మించవద్దంటాయి. మరి 250 మిల్లీలీటర్ల సీసా తాగితే ఏమవుతుంది? ఈ లెక్క తొమ్మిదో తరగతి పిల్లలచేతే చేయిస్తాను. తాగడం మానేశారని చెప్పలేను. కాని సీసా వెనక ఉన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టారు.

బరువు గురించి మాట్లాడేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. పట్టణాల్లో పిల్లలు లావైపోతున్నారని పత్రికల్లో చదివి, దారుఢ్యమంటే బరువు తగ్గడమేనని అనుకునేవారు పెరిగారు. 2016-18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10-19 ఏళ్ళవారిలో నూటికి 24 మంది వయసుకు తగిన ఒళ్ళు లేని బక్కపలచనివారు. అధిక బరువు ఉన్నవారు అయిదుగురు. అదే సర్వేలో దాదాపు పదిమందిలో ఒకరికి మధుమేహానికి ముందు దశ లక్షణాలు కనబడ్డాయి. అధిక బరువు ఉన్నది అయిదుగురికే అయినప్పుడు సన్నగా ఉన్న పిల్లలందరూ క్షేమంగా ఉన్నారని ఎలా అనుకోగలం? ఎత్తుకు బరువు ఎంత తగినట్టుందో చెప్పే బీఎంఐకి పెద్దల విషయంలో వాడే గీతలు, అంటే 18.5కు తక్కువైతే బక్క, 25 దాటితే లావు అనే లెక్క, ఎదుగుతున్న పిల్లలకు వర్తించవు. వయసును బట్టి, ఆడా మగా తేడాను బట్టి విడి పట్టికలు ఉన్నాయి. ఫోనులో ఏదో యాప్ చూసి తాను లావుగా ఉన్నానని మధ్యాహ్న భోజనం మానేసిన ఎనిమిదో తరగతి పిల్లను నేను చూశాను. పట్టికలో చూస్తే ఆమె బరువు వయసుకు సరిగ్గా సరిపోయింది. అందుకే ఇప్పుడు బరువు తూచేటప్పుడు ఒక్కొక్కరినే గదిలోకి పిలుస్తాం. అంకె పైకి చదవం. రాసుకునే పని కూడా తోటి పిల్లలకు అప్పగించం. బడిలో అందరి ముందూ ఒకసారి వినిపించిన అంకె ఆ పిల్లకు పదో తరగతి దాకా మారుపేరుగా మిగిలిపోతుంది.

ఆడపిల్లలు మైదానం వదిలిపెట్టేది ఏడు, ఎనిమిది తరగతుల మధ్య. ఏడో తరగతిలో మగపిల్లలను దాటి పరిగెత్తిన పిల్ల వేసవి సెలవుల తరవాత చున్నీ సర్దుకుంటూ చెట్టు కింద కూర్చుంటుంది. తల్లిదండ్రుల సమావేశంలో ఒకామె నాతో, "పిల్ల ఎదిగింది మాస్టారూ, ఇంకా ఈ గెంతులు ఎందుకు? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు. "ఎముక గట్టిపడేది ఈ నాలుగైదేళ్ళలోనేనమ్మా. ఇరవై దాటాక ఎన్ని పాలు పోసినా ఇంత బలం రాదు. రేపు కానుపులకూ, ముసలితనానికీ కావలసిన బలం ఇప్పుడే కూడబెట్టుకోవాలి" అని చెప్పాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. "మగపిల్లలు లేని వేళయితే సరే" అన్నారు. ఆ మాట నాకు సమంజసంగానే తోచింది. వారంలో ఒక పీరియడు ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలను కలిపి విడిగా పెట్టాం. ఆ వేళకు ఒక ఉపాధ్యాయిని మైదానంలో ఉంటారు. చున్నీలు తీసి కొమ్మకు వేలాడదీసి తాడాట ఆడతారు, ఖోఖో ఆడతారు. నెలసరి రోజుల్లో ఆడాలా వద్దా అన్నది పిల్ల ఇష్టానికే వదిలేస్తాం. నొప్పి లేకపోతే ఆడటం వల్ల చెడు ఏమీ లేదని మాత్రం ఆ ఉపాధ్యాయిని చెబుతారు. మరుగుదొడ్డికి వెళ్ళవలసి వస్తుందని పొద్దుటి నుంచి నీళ్ళు తాగని పిల్లలు ఎంతమందో ఆమెకు తెలిసినంతగా నాకు ఎన్నటికీ తెలిసేది కాదు. ఆ మరుగుదొడ్డి తలుపుకు గడియ బిగించాకే చాలామంది నీళ్ళసీసాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

విద్యాహక్కు చట్టం 2009లోనే ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని షరతు పెట్టింది. ప్రభుత్వ బడుల్లో స్థలమైతే చాలాచోట్ల ఉంది. మైదానం ఉండీ వాడని బాధ మాది. పట్టణాల్లో అపార్టుమెంటు వంటి భవనాల్లో నడిచే ప్రైవేటు బడులది మరో బాధ. అక్కడ చదివే మా బంధువుల అబ్బాయికి ఆటల పీరియడు అంటే మేడమీద ప్లాస్టిక్ కోన్ల మధ్య నడవడం. ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ కాలేజీల్లో అది కూడా ఉండదు. తెల్లవారుజాము స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా బల్ల మీదే. పదహారేళ్ళ పిల్లవాడి వెన్ను ఎంతసేపు వంగి ఉండగలదో పరీక్షిస్తున్నట్టుగా ఉంటుంది ఆ టైంటేబులు.

మా దగ్గర కూడా పదో తరగతికి వచ్చేసరికి దాదాపు అదే పరిస్థితి. దసరా తరవాత ఆటల పీరియడు ఒక్కొక్కటిగా మాయమవుతుంది. "మాస్టారూ, సిలబస్ మిగిలిపోయింది, ఈ ఒక్క పీరియడూ ఇస్తారా?" అని సహోద్యోగి నవ్వుతూ అడుగుతారు. ఫలితాల శాతం ఆయన మెడమీద కత్తి అని తెలుసు కాబట్టి కాదనడం కష్టం. ఆ ఒక్కటి రెండవుతుంది, మార్చిలో పబ్లిక్ పరీక్షలు వచ్చేసరికి పిల్లలు మైదానాన్ని బడికి వచ్చే పోయే దారిగా మాత్రమే చూస్తారు. పైగా నిద్ర. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వారికి రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. అందుకే పది గంటలకు పడుకోమంటే వాళ్ళకు నిజంగానే నిద్ర రాదు. ఆ రాని నిద్రను ఫోను మరో గంట వెనక్కి నెడుతుంది, తెల్లవారుజామున నాలుగింటికి లేపే చదువు చివరి నుంచి కోస్తుంది. నాలుగింటికి లేస్తే బుర్రకు బాగా ఎక్కుతుందన్న నమ్మకం మన ఇళ్ళలో ఎంత బలంగా ఉందంటే, దానితో వాదించడంకన్నా, తొమ్మిదిన్నరకే ఇంటిల్లిపాదీ దీపాలు, టీవీ ఆపమని అడగడం తేలిక. కొన్ని ఇళ్ళలో ఆపుతున్నారు.

ఈ సంవత్సరం పదో తరగతి ప్రత్యేక తరగతుల టైంటేబులు వేసేటప్పుడు ప్రధానోపాధ్యాయులను ఒకటే అడిగాను. సాయంత్రం నాలుగింటికి బడి అయిపోగానే ప్రత్యేక తరగతి మొదలుపెట్టకుండా, మధ్యలో అరగంట మైదానానికి వదలమన్నాను. పోటీ లేదు, జట్టు లేదు, అవుట్ లేదు. నడిచేవారు నడుస్తారు, తాడు ఎగిరేవారు ఎగురుతారు, ఎవరూ కూర్చోకూడదన్నది ఒక్కటే నియమం. గోనెతాళ్ళు కోసి కొసలు ముడివేసి తాళ్ళు మేమే తయారు చేసుకున్నాం. 600 మీటర్ల పరుగు మళ్ళీ పెట్టినప్పుడు ఎవరి కాలాన్ని వారి పాత కాలంతోనే పోల్చుతాం. జాబితా గోడకు అంటించం. లెక్కల మాస్టారు మొదట ఒప్పుకోలేదు. అరగంట ఆడి వచ్చిన పిల్లలు ఆయన క్లాసులో తూగడం తగ్గితే కొనసాగిద్దామని, తగ్గకపోతే ఆ అరగంట ఆయనకే తిరిగి ఇచ్చేస్తానని ఒప్పందం చేసుకున్నాం. ఇంకా తేలనిది ఆటోల సంగతి. పక్క ఊళ్ళ నుంచి వచ్చే ఆడపిల్లలు అరగంట ఆలస్యమైతే చలికాలంలో చీకటి పడ్డాక ఇల్లు చేరవలసి వస్తుంది. వచ్చే సోమవారం ఆ ఊళ్ళ తండ్రులనూ, ఆటోవాళ్ళనూ కూర్చోబెట్టి మాట్లాడాలని అనుకుంటున్నాం. వారు కుదరదంటే ఆ అరగంటను పొద్దున్న ప్రార్థనకు ముందుకు జరపాలి. అప్పుడు జావ కూడా ఆ వేళకే కాయాలని వంట చేసే అక్కలను ఒప్పించుకోవాలి.